నోటిఫికేషన్‌లో చివరి పేజీలు

నోటిఫికేషన్ రాగానే ముందుగా ఏం చూస్తారు? పోస్టులెన్ని, మన కేటగిరీకి ఎన్ని, వయసు సరిపోతుందా, ఆఖరు తేదీ ఎప్పుడు. ఆ తర్వాత సిలబస్. అంతే, పీడీఎఫ్ మూసేస్తారు. డెబ్భై ఎనభై పేజీలు చివరిదాకా చదివే ఓపిక ఎవరికుంటుంది? ఎలాగూ సాయంత్రానికి ఎవరో ఒకరు యూట్యూబ్‌లో పది నిమిషాల్లో చెప్పేస్తారు. వాళ్లూ చివరి పేజీలు చెప్పరు. అక్కడ ఉండేవి అనుబంధాలు, ఫార్మాట్లు, వైద్య ప్రమాణాలు. చెబితే వ్యూస్ రావు.

మా వీధిలో ఒక కుర్రాడున్నాడు. డిప్లొమా మెకానికల్ చేశాడు. చిన్నప్పటి నుంచీ రైలింజన్ పిచ్చి. అసిస్టెంట్ లోకో పైలట్ కావాలని రెండేళ్లు కూర్చుని చదివాడు. మొదటి సీబీటీ గట్టెక్కాడు. రెండోదీ గట్టెక్కాడు. సీబ్యాట్‌కు పిలుపు వచ్చింది. ఇంట్లో వాళ్లు అప్పుడే బంధువులకు ఫోన్లు చేసేశారు. సీబ్యాట్‌కు వెళ్లేటప్పుడు నిర్ణీత ఫార్మాట్‌లో కంటి డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ పట్టుకెళ్లాలి. ఆ కాగితం కోసం టౌన్లో ఆస్పత్రికి వెళ్లాడు. పావుగంట పని అనుకున్నాడు.

డాక్టర్ గోడ మీద అక్షరాలు చదవమన్నాడు. కింది రెండు వరుసలు చదవలేకపోయాడు.

‘‘నీకు సైటు ఉంది బాబూ. కొంచెమే.’’

‘‘అద్దాలు పెట్టుకుంటే సరిపోతుంది కదా సార్?’’

‘‘చదువుకోడానికి, బండి నడపడానికి సరిపోతుంది. నువ్వడిగే ఈ ఉద్యోగానికి సరిపోదు.’’

‘‘మరి లేజర్ ఆపరేషన్ చేయించుకుంటే?’’

‘‘దానికీ ఒప్పుకోరు. నీ నోటిఫికేషన్‌లోనే ఉంటుంది చూడు.’’

ఉంది. లోకో పైలట్‌ది ఏ-1 మెడికల్ కేటగిరీ. రెండు కళ్లకూ అద్దాలు లేకుండా 6/6 ఉండాలి. లేసిక్ లాంటి సర్జరీ చేయించుకున్నవాళ్లు అనర్హులు. రంగులు సరిగ్గా గుర్తుపట్టగలగాలి. ఇదంతా దరఖాస్తు చేసిన రోజు నుంచీ అతని ఫోన్లోనే, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో పడి ఉంది. రెండేళ్ల కష్టం పావుగంటలో ఆగిపోయింది.

వాళ్లమ్మ మా ఇంటికొచ్చి కళ్లొత్తుకుంటూ ఒకటే మాటన్నారు. ‘‘ఫోను చూసి చూసి కళ్లు పోగొట్టుకున్నాడండీ వీడు.’’

ఆ మాట మీకూ ఇంట్లో రోజూ వినబడుతూనే ఉంటుంది. కొంత నిజం, కొంత కాదు. దూరంగా ఉన్నవి మసకగా కనిపించే హ్రస్వదృష్టి సాధారణంగా బడి వయసులోనే మొదలవుతుంది. ఎదిగే వయసులో కనుగుడ్డు కాస్త పొడవుగా సాగిపోవడం దానికి కారణం. ఇరవై దాటాక చాలామందిలో ఆ పెరుగుదల నెమ్మదిస్తుంది. కాబట్టి డిప్లొమా అయ్యాక చూసిన రీల్స్ వల్ల మావాడికి సైటు వచ్చి ఉండదు. పదో తరగతినాటికే ఉండుంటుంది. బోర్డు మసకగా కనబడితే వెనక బెంచీ కదా అనుకున్నాడు. తర్వాత చదువంతా ఫోన్లో, చేతికి అందేంత దూరంలో. దూరం చూడాల్సిన అవసరమే రాలేదు. ఫోన్ సైటు తెచ్చిందో లేదో గానీ, ఉన్న సైటును కనబడకుండా దాచింది మాత్రం నిజం.

ఇంకో సంగతి ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలతో చేసిన అధ్యయనం 2015లో ప్రచురితమైంది. కొన్ని బడుల్లో పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపేలా చేశారు. మూడేళ్లలో వాళ్లలో 30 శాతం మందికి సైటు వస్తే, మిగతా బడుల్లో దాదాపు 40 శాతం మందికి వచ్చింది. పగటి వెలుతురు ఎదిగే కంటికి అవసరమని ఇప్పుడు వైద్యులు చెబుతున్నారు. మరి మనం ఇంటర్ ఎక్కడ చదివాం? గ్రౌండ్ లేని కాలేజీలో, అపార్టుమెంటును హాస్టల్‌గా మార్చిన భవనంలో, ఉదయం ఆరింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్. ఎండ కంటపడేది ఆదివారం బట్టలు ఆరేసుకునేటప్పుడే. తప్పంతా కుర్రాడి ఫోన్ మీదికి నెట్టడం పెద్దవాళ్లకు సులువు. ఆ గ్రౌండ్ లేని కాలేజీలో ఫీజు కట్టి చేర్పించింది ఎవరు మరి?

సరే, అయిపోయింది తవ్వుకోవడం వద్దు. మీరు చేయగలిగింది ఒకటుంది. ఈ వారంలో కళ్లు పరీక్ష చేయించుకోండి. జిల్లా ఆస్పత్రి కంటి విభాగంలో ఓపీ చీటీ తీసుకుంటే చాలు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న ‘కంటి వెలుగు’ మొదలైంది, 2023 జనవరిలో రెండో విడత నడిచింది. మీ ఊళ్లో క్యాంపు పెట్టినప్పుడు అది తాతయ్యలకు, నాయనమ్మలకు అనుకుని పక్క నుంచి వెళ్లిపోయినవాళ్లు మీలో ఎందరో. పరీక్షకు వెళ్లినప్పుడు రంగుల పరీక్ష కూడా అడిగి చేయించుకోండి. చుక్కల మధ్య అంకె కనిపెట్టమనే పుస్తకం ఉంటుంది, అయిదు నిమిషాల పని. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మధ్య తేడా సరిగా తెలియకపోవడం పుట్టుకతో వస్తుంది. అమ్మాయిల్లో కంటే అబ్బాయిల్లో చాలా ఎక్కువ. ఉన్నవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. మామిడికాయ పండిందో లేదో వాళ్లు రంగు చూసి చెప్పకపోయినా చేత్తో నొక్కి చెప్పేస్తారు, ఇక అనుమానం ఎందుకొస్తుంది? పరీక్షలో తేలితే అదేమీ కొంపలు మునిగే విషయం కాదు. ఏ పోస్టుకు రెండేళ్లు పెట్టాలో, దేనికి పెట్టకూడదో ముందే తెలుస్తుంది.

అన్నట్టు, బ్లూ కట్ కళ్లద్దాల గురించి చాలామంది అడుగుతుంటారు. కొనేముందు ఆలోచించండి. అందుబాటులో ఉన్న పరిశోధనలన్నింటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2023లో వచ్చింది. మామూలు అద్దాలతో పోలిస్తే ఇవి కంటి అలసటను తగ్గిస్తాయనడానికి ఆధారం కనిపించలేదని తేల్చింది. స్క్రీన్ చూస్తున్నప్పుడు మనం రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది. కళ్లు మండేది, ఎండిపోయేది ఎక్కువగా అందుకే. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి కిటికీలోంచి దూరంగా చూసి నాలుగుసార్లు రెప్పలార్పితే సరి. దానికి డబ్బు ఖర్చులేదు.

చివరి పేజీల్లో ఉండేది కళ్ల లెక్క ఒక్కటే కాదు. కాళ్ల లెక్క కూడా ఉంటుంది. రైల్వే లెవెల్-1 పోస్టులకు రాతపరీక్ష తర్వాత అబ్బాయిలు 35 కిలోల బరువు మోస్తూ 2 నిమిషాల్లో 100 మీటర్లు నడవాలి, 1000 మీటర్లను 4 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. అమ్మాయిలకు 20 కిలోల బరువు, 1000 మీటర్లకు 5 నిమిషాల 40 సెకన్లు. తెలంగాణ పోలీసు నియామకాల 2022 నోటిఫికేషన్లో అబ్బాయిలకు 1600 మీటర్ల పరుగుకు 7 నిమిషాల 15 సెకన్లు, అమ్మాయిలకు 800 మీటర్లకు 5 నిమిషాల 20 సెకన్లు పెట్టారు. కాగితం మీద చూస్తే ‘ఓస్ ఇంతేనా’ అనిపిస్తుంది. ఏడాదిపాటు స్టడీ హాల్ కుర్చీలో కూర్చుని లేచినవాడికి అది ఎంత దూరమో మొదటి రౌండ్‌లోనే తెలిసిపోతుంది.

ప్రిలిమ్స్ ఫలితం వచ్చాక, ఈవెంట్స్‌కు నెల ఉందనగా కొత్త బూట్లు కొనుక్కుని గ్రౌండ్‌కు పరుగెత్తుకొచ్చేవాళ్లను ప్రతిసారీ చూస్తుంటాం. మొదటి వారమే మోకాలి కింద ఎముక నొప్పి పట్టుకుంటుంది. గుండె, ఊపిరి కొన్ని వారాల్లో అలవాటు పడతాయి గానీ ఎముకలు, కీళ్లు అంత తొందరగా పడవు. అందుకే ముందు నడక, తర్వాత నడుస్తూ పరుగెత్తడం, ఆ తర్వాతే గడియారం పెట్టుకుని పరుగు. మూడు నాలుగు నెలలైనా చేతిలో ఉండాలి. ఉద్యోగంలో పరుగు లేనివాళ్లు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు ఇరవై రెండు నిమిషాలు. హాస్టల్ నుంచి కోచింగ్ సెంటర్‌కు షేర్ ఆటో మానేస్తే అందులో సగం పైగా తీరిపోతుంది. చేతికి వాచీ కట్టుకుని పదివేల అడుగులు పూర్తి కాలేదని బెంగపడేవాళ్లకు ఒక కబురు. ఆ పదివేలు ఏ డాక్టరూ రాసిచ్చిన మందు కాదు. టోక్యో ఒలింపిక్స్ అయ్యాక 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరు అది. ‘మాన్పో-కే’ అంటే పదివేల అడుగుల మీటరని అర్థం. పేరు నిలిచిపోయింది, లెక్క లోకమంతా పాకింది.

కళ్లు, కాళ్లు అందరి ఉద్యోగాలకూ అడ్డం రావు. బ్యాంకు పరీక్షకు, సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూకు ఎవరూ పరుగెత్తించరు. నిద్ర మాత్రం అందరి లెక్కల్లోకీ వస్తుంది. మనవాళ్లు ఎక్కువ గొప్పలు చెప్పుకునేది కూడా దాని గురించే. ‘‘నిన్న నైటౌట్ చేశాం బ్రో’’ అన్న మాటలో ఎంత గర్వం ఉంటుందో మీకు తెలుసు.

పగలు చదివింది బుర్రలో స్థిరపడేది నిద్రలోనే. రాత్రి రెండు దాకా మేలుకుని ఇంకో రెండు చాప్టర్లు చదివితే, ముందు చదివిన రెండింటికి గండికొట్టుకున్నట్టే. మన శరీరం లోపల దాదాపు ఇరవై నాలుగు గంటల గడియారం ఒకటి నడుస్తుంటుంది. ఆ గడియారం కణాల్లో ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్య నోబెల్ ఇచ్చారు. మీరు నెలల తరబడి రాత్రి మూడింటికి పడుకుని పదింటికి లేస్తే ఆ గడియారం అలాగే సర్దుకుంటుంది. పరీక్షేమో ఉదయం షిఫ్టు పడుతుంది. కొత్త ఊళ్లో చీకటితోనే లేచి, సెంటర్ వెతుక్కుంటూ వెళ్లి, కంప్యూటర్ ముందు కూర్చుంటారు. మీ శరీరానికి మాత్రం అది ఇంకా అర్ధరాత్రే. చదివిందంతా ఉంటుంది, గుర్తురాదు. బయటికొచ్చి రైల్లో కూర్చున్నాక ఒక్కొక్కటే గుర్తొస్తుంది. ఇది మీలో చాలామందికి జరిగే ఉంటుంది. అప్పుడు ప్రిపరేషన్ చాలలేదనుకుని ఇంకో గంట నిద్ర తగ్గిస్తారు.

నేను కూడా చేశాను ఈ పని. మా రోజుల్లో ఫోన్లు లేవు, టీ ఉండేది. రాత్రి తొమ్మిదింటికి ఒకటి, పదకొండింటికి ఒకటి. కెఫీన్ సంగతి అప్పుడు ఎవరు చెప్పారు? సగటున అయిదు గంటలు గడిచినా తాగినదాంట్లో సగం ఒంట్లోనే ఉంటుంది. తొమ్మిదింటి టీ రెండింటికి కూడా సగం మెలకువగా ఉంచుతుందన్నమాట. ఒక పోటీ పరీక్షలో రెండు గంటలపాటు ప్రశ్నపత్రం కేసి చూస్తూ ఉండిపోయాను. నాలుగో ప్రశ్న ఎన్నిసార్లు చదివినా అర్థం కాలేదు. ఇంటికొచ్చి పడుకుని లేచాక అది చాలా తేలిక ప్రశ్న అని తెలిసింది.

ఇప్పుడు టీతో పాటు ఫోన్ వచ్చి చేరింది. ‘ఫోన్ పక్కన పడెయ్’ అని సలహా ఇవ్వడం చాలా తేలిక. అలా చెప్పేవాళ్లు ఈ మధ్య ఉద్యోగానికి దరఖాస్తు చేసి ఉండరు. దరఖాస్తు ఫోన్లో, ఓటీపీ ఫోన్లో, హాల్‌టికెట్ ఫోన్లో, క్లాసు ఫోన్లో, మాక్ టెస్టు ఫోన్లో, కీ, ఫలితం, కోర్టు కేసు వార్త అన్నీ అందులోనే. మా కాలంలో ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ వారానికొకసారి గ్రంథాలయానికి వచ్చేది. శనివారం వెళ్లి వంతు కోసం నిలబడి చదివి, అడ్రసు రాసుకుని వచ్చేవాళ్లం. మిగతా ఆరు రోజులు కొత్త కబురు రాదు కాబట్టి ప్రశాంతంగా చదువుకునేవాళ్లం. ఆ రోజులు బంగారమని నేననను. ఆ పేపరు రాని ఊళ్లలో ఎంతమందికి నోటిఫికేషన్ వచ్చిందన్న సంగతే తెలియకుండా పోయిందో! ఇవాళ ఏజెన్సీ గూడెంలో సిగ్నల్ అందే గుట్ట మీద కూర్చున్న అమ్మాయికీ, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకున్న అబ్బాయికీ నోటిఫికేషన్ ఒకే నిమిషంలో చేరుతోంది. అది చిన్న మార్పు కాదు.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, కబురు వచ్చే టైమంటూ లేకుండా పోయింది. ఇరవై టెలిగ్రామ్ గ్రూపులు. అర్ధరాత్రి పన్నెండింటికి ‘బ్రేకింగ్, షేర్ చేయండి’. తీరా చూస్తే రెండేళ్ల కిందటి కాగితం. కీ చూద్దామని ఫోన్ తీస్తారు, నలభై నిమిషాల తర్వాత ఎవరో బిర్యానీ వండుతుంటే చూస్తూ ఉంటారు. ఇందులో మీ బలహీనత కొంతే. కిందికి జరిపేకొద్దీ అంతం లేకుండా వస్తూనే ఉండే పేజీని 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ అనే డిజైనరే తర్వాత అందుకు బహిరంగంగా చింతించాడు. అంతకుముందు పేజీ అయిపోయేది, ‘తర్వాతి పేజీ’ నొక్కాలి. నొక్కాలా వద్దా అని ఒక్క క్షణమైనా ఆలోచించేవాళ్లం. ఆ క్షణాన్ని తీసేశారు. దాన్ని మీరే మళ్లీ పెట్టుకోవాలి. నా మటుకు నాకు పనికొచ్చిన పద్ధతి ఒకటే: రాత్రి ఫోన్ పడుకునే గదిలో ఉండదు. అలారానికి గోడ గడియారాల షాపులో చిన్న గడియారం కొనుక్కున్నాను. కబుర్లకు రోజుకు రెండు టైములు, ఉదయం టిఫిన్ అయ్యాక, సాయంత్రం టీ అప్పుడు. ఏ బోర్డు అయినా దరఖాస్తుకు గంట గడువు పెట్టదు కదా, వారాలు ఇస్తుంది. రాత్రి చూడకపోతే పోయేదేమీ లేదు. గ్రూపులు కూడా ఒకటి రెండు ఉంచుకుని, అసలు కబురు కమిషన్ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.

ఈ ఆరోగ్యం గొడవంతా ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చులే అని మీలో కొందరు అనుకుంటున్నారని తెలుసు. అలా అనుకోడానికి ఉద్యోగం ఎప్పుడొస్తుందో తెలియాలి కదా. తెలంగాణ గ్రూప్-1 సంగతే చూడండి. 503 పోస్టులకు 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీక్ బయటపడి 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు తీర్పుతో అదీ రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మళ్లీ ప్రిలిమ్స్. ఒకే ప్రిలిమ్స్‌కు మూడుసార్లు సిద్ధమైనవాళ్లు మీలో ఉన్నారు. ఒక్క నెలకైతే నాలుగు గంటల నిద్రతో, మిర్చిబజ్జీలతో నెట్టుకొస్తారు. రెండున్నరేళ్లు అలా నెట్టుకొస్తే ఉద్యోగం చేతికి వచ్చేసరికి ఒంట్లో ఏం మిగులుతుంది? పరీక్షలు సరిగ్గా జరపడం ప్రభుత్వాల పని. ఆ మాట ఈ పేజీలో ఇంతకుముందూ అన్నాం, ఇకముందూ అంటాం. వాళ్లు సరిగ్గా జరిపేదాకా మీరు నిలబడి ఉండాలి.

నిలబడటమంటే ఒంటితోనే కాదు. రద్దు వార్త వచ్చిన రోజు రూమ్‌లో ఒకడు అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంటాడు. మొదటి రోజు వదిలేయొచ్చు. వారమైనా అలాగే ఉంటే వదిలేయకండి. ‘ఏంరా, అలా ఉన్నావ్, టీ తాగొద్దాం పద’ అని లేపండి. మీ మాటకు లొంగకపోతే 14416కు ఫోన్ చేయండి, లేదా వాడి చేతే చేయించండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్. ఏ వేళప్పుడైనా పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో చెప్పుకోలేని మాటలు కొన్ని ఉంటాయి. ‘ఇంకెన్నాళ్లురా’ అని నాన్న అడిగిన ప్రశ్న లాంటివి. అవి చెప్పుకోడానికి కూడా ఆ నంబర్ పనికొస్తుంది.

మా వీధి కుర్రాడి సంగతి మధ్యలో వదిలేశాను. రెండు నెలలు ఎవరికీ కనబడలేదు. తర్వాత ఒకరోజు అద్దాలు పెట్టుకుని మా ఇంటికొచ్చాడు, చేతిలో కొత్త నోటిఫికేషన్ ప్రింటవుట్. ఫోన్లో కాదు, కాగితం మీద. వెనక నుంచి చదువుతున్నాడట ఈసారి. అద్దాలకు అభ్యంతరం లేని పోస్టుల పక్కన పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాడు. ఎనిమిది చదివే తమ్ముణ్ని వాళ్లమ్మ కిందటి శనివారమే కంటి ఆస్పత్రికి తీసుకెళ్లారట, వాడికీ కొద్దిగా ఉందన్నారు. ‘‘నీకెలా ఉందిరా ఇప్పుడు?’’ అనడిగితే నవ్వాడు.

‘‘బస్సు బోర్డు స్టాప్‌కు రాకముందే కనబడుతోందండీ. ఇన్నేళ్లూ దగ్గరికొచ్చాక చదివి వెంట పరుగెత్తేవాణ్ని. అందరూ అంతే కాబోలు అనుకున్నాను.’’